విశేషం అడిగే ముందు...

పెళ్ళైన ఏడాది తిరిగేసరికి మన ఇళ్ళల్లో ఆడపిల్లని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని. పేరంటంలో అడుగుతారు, పెళ్ళి భోజనాల దగ్గర అడుగుతారు, చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుళ్ళో ప్రదక్షిణాలు చేస్తున్నప్పుడు కూడా పక్కన నడుస్తూ అడుగుతారు. అడిగేవాళ్ళకి అదొక పలకరింపు. ఆ పిల్లకి మాత్రం గుండెల్లో ముల్లు. ఇదంతా చాలా బాగా తెలిసినట్టు చెప్తున్నానా? తెలియకేం. అలా అడిగినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. అడిగింది కూడా ఎవరినో కాదు, మా కోడల్ని.

ఈ సంగతి రాయడానికి ముందు మా అబ్బాయినీ కోడల్నీ కూర్చోబెట్టి అడిగాను. "రాయండత్తయ్యా, ఇంకో అత్తగారైనా చదువుతుంది" అంది కోడలు. అబ్బాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పేరు రాయకు, మిగతాది రాసుకో" అన్నాడు. కాబట్టి పేర్లు లేవు. మిగతాదంతా ఉంది.

మా అబ్బాయి పెళ్ళి జరిగి ఆరేళ్ళు. రెండో ఏడు నుంచే నాకు బెంగ మొదలైంది. ముందు పూజలు, తర్వాత నోములు, ఆ తర్వాత డాక్టర్లు. కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో రక్తం ఇచ్చి, చేతికి దూది ముక్క నొక్కుకుంటూ అలాగే డ్యూటీకి వెళ్ళేది. థైరాయిడ్ చూశారు, ప్రొలాక్టిన్ చూశారు, స్కానింగులు లెక్కలేనన్ని చేశారు. గర్భసంచిలోకి రంగు నీళ్ళు పంపి ట్యూబులు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రే తీశారు. ఆ రోజు ఇంటికొచ్చి మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఆ తర్వాత లాప్రోస్కోపీ. ఇలా మూడేళ్ళు, ముగ్గురు డాక్టర్లు, ఇంత లావు ఫైలు. నేనా ఫైలుకి పసుపు రాసి దేవుడి దగ్గర కూడా పెట్టాను!

నాలుగో డాక్టరమ్మ ఆ ఫైలంతా తిరగేసి, కళ్ళజోడు తీసి, "మీ అబ్బాయి రిపోర్ట్ ఏదమ్మా?" అని అడిగింది. నేను కోడలి వంక చూశాను, కోడలు నేల వంక చూసింది. రిపోర్ట్ లేదు. మూడేళ్ళలో ఒక్క పరీక్ష కూడా లేదు. రాసిచ్చినవాళ్ళు ఉన్నారు, కానీ వాడు "నాకేంటి, నేను బానే ఉన్నా కదా" అన్నాడు. నేను కూడా "వాడికేం, రాయిలా ఉన్నాడు" అన్నాను. ఆ మాట అన్నానని నాకు గుర్తు కూడా లేదు. కోడలికి మాత్రం ఏ రోజు, ఏ గదిలో అన్నానో గుర్తుంది.

కొన్ని వందల రూపాయలతో, కోత లేకుండా, నొప్పి లేకుండా, ఒక్క పూటలో అయిపోయే పరీక్ష అది. అందులో కణాల సంఖ్య తక్కువని తేలింది. తర్వాత స్కానింగ్‌లో వెరికోసీల్ ఉందన్నారు. అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బిపోవడం. పిల్లలు కలగని మగవాళ్ళలో సుమారు మూడోవంతు మందిలో ఇది కనిపిస్తుందట. అరుదైనదేమీ కాదు. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరే తెలియదు, అంతే.

అప్పటినుంచి దీని గురించి చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాదు, సైన్సు చదువు డిగ్రీతోనే ఆగిపోయింది. కానీ చదివినకొద్దీ నాకు తోచిందేమిటంటే, ఈ విషయంలో పరిశోధనలు చాలా ముందుకు వెళ్ళాయి, మన ఇళ్ళు మాత్రం మా అమ్మమ్మ కాలంలోనే ఆగిపోయాయి.

ఎక్కడో అమెరికా దాకా పోనక్కర్లేదు. మా ఇంటినుంచి హబ్సిగూడ పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. అక్కడ సీసీఎంబీలో డాక్టర్ తంగరాజ్ గారి బృందం మగవాళ్ళ సంతానలేమి మీద రెండు దశాబ్దాలకు పైగా పనిచేస్తోంది. వీర్యంలో కణాలే లేని 340 మంది మగవాళ్ళని పరీక్షించి, వాళ్ళలో నూటికి ఎనిమిదిన్నర మందికి వై క్రోమోజోములో కొంత ముక్క లేదని 2003లో ప్రచురించారు. 2022లో మగవాళ్ళ సంతానలేమికి కారణమయ్యే ఎనిమిది కొత్త జన్యువుల వివరాలు వేశారు. ఆ తర్వాత టెక్స్13బి అనే ఇంకో జన్యువు సంగతి చెప్పారు.

ఈ ఆఖరిదాని దగ్గర నేను చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే ఈ టెక్స్13బి ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. మగపిల్లాడికి ఉండేది ఒక్కటే ఎక్స్. అది వచ్చేది తల్లి నుంచి. తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకదానిలో లోపమున్నా రెండోది కాపాడుతుంది, ఆవిడకి పిల్లలు పుడతారు. ఆ లోపమున్న ఎక్స్ కొడుక్కి వస్తే, వాడిని కాపాడేందుకు రెండోది లేదు. అంటే, కోడలు గొడ్రాలని ఊరంతా చెప్పుకునే అత్తగారే ఆ లోపాన్ని కొడుక్కి ఇచ్చి ఉండొచ్చు! మా అబ్బాయికి ఆ జన్యు లోపం ఉందని ఎవరూ అనలేదు, వాడి సంగతి వేరు. కానీ ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే, నేను కోడల్ని అన్ని మాటలు అని ఉండేదాన్ని కాదేమో.

అలాగని ఇప్పుడు తప్పంతా కోడలి మీదనుంచి తీసి కొడుకు మీద, కొడుకు మీదనుంచి తీసి తల్లి మీద పెట్టమని కాదు నా ఉద్దేశం. తనలో ఏ క్రోమోజోము ఉందో ఆ తల్లికేం తెలుసు? ఆవిడ అడిగి తెచ్చుకుందా? కారణం వేరు, తప్పు వేరు. కారణం తెలిస్తే మందు వెతుక్కోవచ్చు. తప్పు వెతికితే మనిషి దొరుకుతుందంతే, మందు దొరకదు. పరిశోధనలు చేసేవాళ్ళు వెతికేది కారణాన్ని. మనం వెతికేది మనిషిని. తేడా అక్కడే ఉంది.

మా పుట్టిల్లు గుంటూరు వైపు. మా చిన్నప్పుడు పత్తి అంటే బంగారం, పత్తికి మందు కొట్టడం అంటే మగతనం. మాకు దూరపు చుట్టం, మేము పెద్దత్త అని పిలిచే ఆవిడ ఉండేది. నాలుగుసార్లు కడుపొచ్చి పోయింది. ఊళ్ళో ఆవిడకి ఎదురొస్తే శుభకార్యానికి వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. మా పెద్దమామ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీపుకి డబ్బా కట్టుకుని, ముక్కుకి తువ్వాలైనా చుట్టుకోకుండా మందు కొట్టి వచ్చేవాడు. ఆ బట్టలు ఉతికేది కూడా ఆవిడే. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఉస్మానియా యూనివర్సిటీ జన్యుశాస్త్ర సంస్థవాళ్ళు, మన ఆంధ్ర పత్తి చేలల్లో మందులు కలిపి కొట్టే మగవాళ్ళ కుటుంబాలని వెయ్యికి పైగా తీసుకుని, మందుల జోలికి పోని కుటుంబాలతో పోల్చి, 1991లో ఒక పరిశోధన ప్రచురించారు. మందు కొట్టేవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు కలగడం తగ్గింది, గర్భాలు పోవడం, చనిపోయిన బిడ్డలు పుట్టడం ఎక్కువైంది అని అందులో తేలింది. పెద్దత్తకి జరిగింది ఆ మందుల వల్లే అని నేను చెప్పలేను. ఒక్క మనిషి విషయంలో ఇదీ కారణమని ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ తేల్చలేరు. కానీ పరిశోధన చేసినవాళ్ళకి వచ్చిన అనుమానం ఊళ్ళో ఒక్కళ్ళకి కూడా రాలేదు చూడండి! కడుపు ఆవిడది కాబట్టి కారణం కూడా ఆవిడలోనే ఉండాలి అనుకున్నారు. పెద్దత్త ఇప్పుడు లేదు. ఆవిడకి ఎదురొచ్చి వెనక్కి తిరిగినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది.

ఇంకో సంగతి. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. వృషణాలు ఒంటికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే దేవుడు వాటిని బయట పెట్టాడు. రోజంతా భట్టీల ముందు నిలబడి పనిచేసేవాళ్ళ గురించీ, వేడి ఇంజను దగ్గర గంటలకొద్దీ కూర్చునే డ్రైవర్ల గురించీ పరిశోధకులు ఎప్పటినుంచో చెప్తున్నారు. ఒకసారి గట్టిగా జ్వరం వచ్చి తగ్గినా ఆ ప్రభావం రెండు మూడు నెలలు రిపోర్టులో కనిపించొచ్చు. కాబట్టి ఒక్క రిపోర్ట్ చూసి ఇంట్లో ఏడుపులు పెట్టక్కర్లేదు. కొన్నాళ్ళాగి మళ్ళీ చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షల కణాలు అన్నది ఒక కింది గీత. ఆ గీతకి కింద ఉంటే పిల్లలు పుట్టరని కాదు, పైన ఉంటే తప్పకుండా పుడతారనీ కాదు.

హార్మోన్ల సంగతికొస్తే, ఆడవాళ్ళ థైరాయిడ్, పీసీఓఎస్ ఇప్పుడు ఇంటింటి మాటలైపోయాయి. మంచిదే, కనీసం పేరు పెట్టి మాట్లాడుకుంటున్నాం. థైరాయిడ్ మందగిస్తే ప్రొలాక్టిన్ పెరిగి అండం విడుదల తప్పొచ్చు. దానికి మాత్ర ఉంది. పీసీఓఎస్ ఉండి బరువెక్కువున్నవాళ్ళు ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గితే చాలామందికి అండం మళ్ళీ విడుదలవుతుంది. మందు కావాలంటే లెట్రోజోల్ ఉంది. ఈ మందు కథ కూడా విచిత్రమే. 2011లో మన దేశంలో సంతానలేమికి దాన్ని వాడకూడదని నిషేధించారు. 2014లో అమెరికాలో పెద్ద పరిశోధన చేసి, పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో పాత మందు క్లోమిఫీన్‌తో నూటికి 19 మందికి బిడ్డ పుడితే లెట్రోజోల్‌తో 27 మందికి పైగా పుట్టారని చూపించారు. తర్వాత ఇక్కడ నిషేధం ఎత్తేశారు.

మరి మగవాళ్ళ హార్మోన్ల గురించి మనం ఎప్పుడైనా మాట్లాడతామా? మా వీధి చివర జిమ్ కి వెళ్ళే కుర్రాళ్ళని చూస్తుంటాను. కండలు త్వరగా రావాలని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళున్నారు. బయటనుంచి ఆ హార్మోను వచ్చి పడుతుంటే, మెదడు "ఇక చాలు" అనుకుని వృషణాలకి పంపే సంకేతాలు ఆపేస్తుంది. కణాల ఉత్పత్తి పడిపోతుంది, ఒక్కోసారి సున్నాకి కూడా. చూడ్డానికి మాత్రం పహిల్వాను. మగతనం వేరు, సంతానం వేరు అని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. మన భాషలో గొడ్రాలు అన్న మాట ఉంది కానీ దానికి జతగా మగవాడిని అనే మాట నాకు తట్టలేదు. తట్టినవన్నీ వేరే లోపాన్ని చెప్పే తిట్లే. పరీక్ష అనగానే మగపిల్లలు బిగుసుకుపోయేది అందుకేనేమో. వాళ్ళకి భయం పరీక్షంటే కాదు, ఆ తిట్టంటే. మా వాడూ అంతే. ఆ భయం నేర్పింది కూడా మనమే.

ఇక మూడోది, ఇమ్యూనిటీ. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని ఒకటుంది. ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టి గర్భాలు పదేపదే పోతాయి. దీనికి పరీక్ష ఉంది, ఆస్పిరిన్, హెపారిన్ వైద్యం ఉంది. మళ్ళీ మళ్ళీ కడుపు పోయినవాళ్ళు తప్పకుండా అడగాల్సిన పరీక్ష. ఇది నిజం. కానీ ఈ నిజాన్ని అడ్డం పెట్టుకుని, "మీ ఇమ్యూనిటీ పిండాన్ని శత్రువనుకుంటోంది" అని చెప్పి వేలకు వేలు గుంజే పరీక్షలూ ఉన్నాయి.

మా కోడలికీ ఒకచోట అలాగే చెప్పారు. న్యాచురల్ కిల్లర్ కణాల పరీక్ష, దానికో ఖరీదైన డ్రిప్పు. కిల్లర్ అన్న పేరు వినగానే ఆ పిల్ల హడలిపోయింది. "నా ఒంట్లోనే హంతకులున్నారటత్తయ్యా" అంది. ఇంతకీ అప్పటికి మా వాడి పరీక్షే జరగలేదు! బ్రిటన్ లో ఈ వైద్యాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఇలాంటి ఇమ్యూన్ పరీక్షలకీ చికిత్సలకీ ఎర్ర గుర్తు పెట్టింది. అంటే, బిడ్డ పుట్టే అవకాశం వీటివల్ల పెరుగుతుందని ఆధారం లేదని. ఒకప్పుడు భర్త తెల్ల రక్తకణాలని భార్యకి ఎక్కించేవాళ్ళు. 1999లో సరిగ్గా పరీక్షించి చూస్తే, మేలు లేకపోగా గర్భాలు నిలవడం ఇంకా తగ్గింది. థైరాయిడ్ యాంటీబాడీలుండి, హార్మోను మామూలుగా ఉన్న ఆడవాళ్ళకి ముందుజాగ్రత్తగా థైరాక్సిన్ ఇస్తే లాభమా అని తొమ్మిది వందల మందికి పైగా ఆడవాళ్ళ మీద బ్రిటన్ లో చూసి 2019లో చెప్పారు. మాత్ర వేసుకున్నవాళ్ళకీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ తేడా లేదు. రెండువైపులా నూటికి ముప్ఫై ఏడెనిమిది మందికే బిడ్డ పుట్టింది.

"తేడా లేదు" అని తేల్చడం కూడా గొప్ప పరిశోధనే అని నాకిప్పుడు అనిపిస్తోంది. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని గాజులు తాకట్టుకి పోకుండా ఆపుతుందది! అందుకే ఎవరైనా కొత్త ఇంజెక్షన్ చెప్తే ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "డాక్టరు గారూ, దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని ఎక్కడైనా తేలిందా?" అని. రిపోర్టులో అంకె మారుతుందా అని కాదు, బిడ్డ పుడుతుందా అని. మంచి డాక్టరు ఆ ప్రశ్నకి కోప్పడరు. మా నాలుగో డాక్టరమ్మ కోప్పడలేదు.

మా పక్కనే అశోక్ నగర్. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, చిక్కడపల్లి లైబ్రరీ ముందు చెట్టు కింద పుస్తకాలేసుకుని కూర్చునే పిల్లలు. 2022లో వచ్చిన గ్రూప్ వన్ నోటిఫికేషన్ కి ప్రిలిమ్స్ రెండుసార్లు రాయించి రెండుసార్లు రద్దు చేసి, 2024లో మళ్ళీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ పిల్లల పెళ్ళిళ్ళు కూడా అలాగే వెనక్కి జరుగుతూ వచ్చాయి. ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై రెండు, పెళ్ళయ్యేసరికి ముప్ఫై నాలుగు. అప్పుడు మొదలవుతుంది "విశేషమా" అన్న ప్రశ్న. వయసు పెరిగితే అండాల సంఖ్యా నాణ్యతా తగ్గుతాయన్నది నిజమే. ముప్ఫై అయిదు దాటితే ఏడాది కాకుండా ఆర్నెల్లకే డాక్టర్ని కలవమని అందుకే అంటారు. కానీ ఆ ఆలస్యం ఆ పిల్ల ఒక్కతీ చేసిందా? నోటిఫికేషన్లు, కట్నాలు, జాతకాలు అన్నీ కలిసి చేశాయి. మూల్యం మాత్రం ఒక్క కడుపే చెల్లించాలి.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అంటే మన అపార్ట్‌మెంటులో, మన పేరంటంలో, మన వంటింట్లో కూడా ఒకరుంటారు. నేను చెప్పేది చాలా చిన్న మాట. ఏడాది చూసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకుంటే ఇద్దరూ వెళ్ళండి. మొదటి రోజే ఇద్దరి పరీక్షలూ చేయించండి. అబ్బాయి రిపోర్ట్ చేతికి రాకుండా అమ్మాయికి కోతలూ, మత్తుమందులూ ఉండే పరీక్షలకి ఒప్పుకోకండి. ఆ మాట అబ్బాయితో చెప్పాల్సింది కోడలు కాదు, అత్తగారు. కొడుకు తల్లి మాట వింటాడని మనమే గొప్పగా చెప్పుకుంటాం కదా, ఇక్కడ వినిపిద్దాం. "నాన్నా, ముందు నువ్వు వెళ్ళి రా, నీతో నాన్న వస్తారు" అని చెప్తే సరిపోతుంది. నేను ఆ ఒక్క మాట చెప్పడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళు ఆ పిల్ల ఒంటి మీదనుంచి పోయాయి.

మొన్న కోడలు ఆ పాత ఫైలు తీసి, అందులో మావాడి రిపోర్టులు కూడా కలిపి, పైన ఇద్దరి పేర్లూ రాసింది. ఇంతకుముందు దాని మీద ఒక్క పేరే ఉండేది. నేను చూసి ఏమీ అనలేకపోయాను. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయన్న వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు మీలో చాలామందికి ఒక ప్రశ్న నోటి చివర దాకా వచ్చి ఉంటుంది. "ఇంతకీ తర్వాత ఏమైందండీ? ఏమైనా విశేషమా?" అని. నేను చెప్పను. అది వాళ్ళిద్దరి సంగతి. వాళ్ళకి చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే చెప్తారు. నేను కూడా ఈ మధ్య అడగడం మానేశాను.